సౌర పవనం నుంచి తిరునల్వేలి ఆకాశం దాకా: విద్యుత్ క్షేత్రాన్ని లెక్కగట్టడానికి ఏ మోడల్ మేలు?

అలీబాగ్‌లో ఒక మాగ్నెటోమీటర్ ఉంది, తిరునల్వేలిలో మరొకటి ఉంది. రెండూ భారతీయ భూ అయస్కాంత సంస్థ నడిపేవే. భూమి అయస్కాంత క్షేత్రంలో నేలకు సమాంతరంగా ఉండే భాగాన్ని రాత్రింబవళ్లు నమోదు చేస్తుంటాయి. తిరునల్వేలి విలువలోంచి అలీబాగ్ విలువను తీసేస్తే మిగిలేది చాలావరకు ఒక్కటే: అయస్కాంత భూమధ్యరేఖ వెంబడి, 100 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తున, పగటిపూట తూర్పుకు పారే విద్యుత్ ప్రవాహం. దాని పేరు ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్. ఎక్కడో దూరాన పారే ప్రవాహాల ప్రభావం రెండు ఊళ్ల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది కాబట్టి తీసివేతలో పోతుంది. ఎలక్ట్రోజెట్ మాత్రం తిరునల్వేలికే దగ్గర.

ప్రశాంతమైన రోజున ఈ తేడా గీత పొద్దున లేచి, మధ్యాహ్నం వేళకు కొన్ని పదుల నానోటెస్లాలకు చేరి, సాయంత్రానికి మెల్లగా దిగిపోతుంది. అయస్కాంత తుఫాను రోజున, అంటే సౌర పవనం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసిన రోజున, అదే గీత నిమిషాల్లో నిటారుగా లేస్తుంది, లేదా ఉన్నట్టుండి సున్నా కిందికి జారిపోతుంది. అలా జారడానికి కారణమైన మార్పు మనకు 15 లక్షల కిలోమీటర్ల అవతల, సూర్యుడి వైపున్న ఎల్1 అనే బిందువు దగ్గర కాపు కాసే ఉపగ్రహాలకు అంతకు ముందే కనిపించి ఉంటుంది. సూర్యుడి నుంచి వీచే ఆవేశిత కణాల గాలి, అంటే సౌర పవనం, సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ దూరం దాటడానికి సుమారు 62 నిమిషాలు పడుతుంది. 800 వేగమైతే అరగంటే. ఆ అరగంటలో, అక్కడి కొలతను పట్టుకుని ఇక్కడి ఐనోస్ఫియర్‌లో, అంటే పై వాతావరణంలోని విద్యుదావేశిత పొరలో, విద్యుత్ క్షేత్రం ఎంత మారబోతోందో చెప్పగలమా? చెప్పడానికి నాలుగు దారులున్నాయి. నాలుగింటినీ ఒకే తూకంలో వేయడం కుదరదని నా అభిప్రాయం. ధ్రువాల దగ్గర గెలిచే పద్ధతి మన నెత్తి మీద ఓడిపోవచ్చు. ఎందుకో అంకెలతోనే చూద్దాం.

ముందు అసలు సంగతి. సౌర పవనం తనతో పాటు సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. వేగం 400 కిలోమీటర్లు, క్షేత్రం 5 నానోటెస్లాలు అనుకుని రెండింటినీ గుణిస్తే మీటరుకు 2 మిల్లీవోల్టుల విద్యుత్ క్షేత్రం వస్తుంది. చూడటానికి చిన్నదే. భూమి అయస్కాంతావరణం అడ్డంగా సుమారు 30 భూవ్యాసార్ధాలు, అంటే దాదాపు 1,90,000 కిలోమీటర్లు ఉంటుంది. ఆ వెడల్పంతా లెక్కేస్తే 380 కిలోవోల్టులు. సౌర పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే, ఎదురుగా ఉన్న భూమి క్షేత్రరేఖలతో తెగి కలుసుకుంటుంది. 1961లో డంజీ చెప్పిన సంగతి ఇది. అలా కలిసిన రేఖలు విద్యుత్ తీగల్లా పనిచేసి, ఆ వోల్టేజిలో కొంత భాగాన్ని ధ్రువాల మీది ఐనోస్ఫియర్‌కు దింపుతాయి. ఎంత భాగం దిగుతుంది అన్నదే మోడళ్ల మధ్య తగాదా.

మొదటి దారి: పాత కొలతల సగటు

కాగితం, పెన్సిలు చాలు అనిపించే సూత్రం ఒకటుంది. 1997లో బాయిల్, రైఫ్, హెయిర్‌స్టన్ అమెరికా రక్షణ వాతావరణ ఉపగ్రహాల కొలతల నుంచి తీశారు. ధ్రువం మీద ఒక అంచు నుంచి మరో అంచుకు ఉండే పొటెన్షియల్ భేదం, కిలోవోల్టుల్లో, రెండు ముక్కల మొత్తం. మొదటిది వేగం వర్గాన్ని పదివేలతో భాగించగా వచ్చేది. రెండోది అయస్కాంత క్షేత్ర పరిమాణాన్ని 11.7తో హెచ్చవేసి, దాని దిశ కోణంలో సగానికి సైన్ తీసి, దాని ఘనంతో గుణించగా వచ్చేది. కోణం ఉత్తరానికి సున్నా, దక్షిణానికి 180 డిగ్రీలు. ఉత్తరానికి తిరిగి ఉంటే రెండో ముక్క మాయమవుతుంది.

మన మామూలు రోజును ఇందులో వేసి చూద్దాం. 400 వర్గం 1,60,000. పదివేలతో భాగిస్తే 16. క్షేత్రం పూర్తిగా దక్షిణానికి ఉంటే 11.7 ఇంటూ 5, అంటే 58.5. మొత్తం 74.5 కిలోవోల్టులు. ఇందాకటి 380లో అయిదో వంతు. ధ్రువ ప్రాంతం వెడల్పు 3,000 కిలోమీటర్లనుకుంటే మీటరుకు 25 మిల్లీవోల్టులు, దాని వల్ల ప్లాస్మా, అంటే అక్కడి అయాన్ల, ఎలక్ట్రాన్ల వాయువు, సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో కదులుతుంది. రాడార్లకు, ఉపగ్రహాలకు దొరికేవి సరిగ్గా ఈ స్థాయి వేగాలే. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. నాలుగు గీతల గుణకారంతో సూర్యుడి గాలి నుంచి ధ్రువాకాశం దాకా రావచ్చునా అనిపించింది.

ఇప్పుడు 2024 మే 10 నాటి లాంటి తుఫానును అదే సూత్రంలో వేయండి. వేగం 750, దక్షిణ క్షేత్రం 50. మొదటి ముక్క 56, రెండోది 585. మొత్తం 641 కిలోవోల్టులు. ఇది తప్పు. ఎంత పెద్ద తుఫానులోనైనా ఉపగ్రహాలకు దొరికే విలువలు 200 కిలోవోల్టులకు కాస్త అటూ ఇటూగానే ఆగిపోతాయి. వోల్టేజి ఒక స్థాయి దాటాక పెరగడానికి మొరాయిస్తుంది. దీన్నే సంతృప్త స్థితి అంటారు. సూత్రాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అది ఏ రోజుల కొలతల నుంచి పుట్టిందో ఆ రోజులకే చెల్లుతుంది, అంతకు మించిన రోజులకు లాగితే తెగుతుంది.

ఈ దారిలోనే మెరుగైనవి వైమర్ మోడళ్లు. 1981 ఆగస్టు నుంచి 1983 ఫిబ్రవరి దాకా తిరిగిన డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్-2 ఉపగ్రహం కొలతలు వాటికి పునాది. 2005 నాటి రూపం సౌర పవనం వేగం, సాంద్రత, క్షేత్ర దిశ, భూ అక్షం వాలు అన్నీ తీసుకుని ధ్రువ ప్రాంతమంతటికీ పొటెన్షియల్ పటం గీసి ఇస్తుంది. ఎదురెదురుగా తిరిగే రెండు సుడులు అందులో చక్కగా కనిపిస్తాయి. పెద్ద తుఫానుల్లో విలువ మితిమీరకుండా వంపు కూడా పెట్టారు. సాధారణ కంప్యూటర్లో కనురెప్ప వేసేలోపు జవాబు వస్తుంది. అందుకే ఎగువ వాతావరణాన్ని లెక్కించే పెద్ద మోడళ్లు కూడా ధ్రువాల దగ్గర విద్యుత్ క్షేత్రం కోసం వైమర్ పటాన్నో, అంతకన్నా పాతదైన 1982 నాటి హీలిస్ పటాన్నో ఆశ్రయిస్తాయి.

దీని లోపం మాత్రం లోతైనది. పటం నున్నగా ఉంటుంది, అసలు క్షేత్రం గరుకుగా ఉంటుంది. ఒకే చోట ఒక నిమిషం మీటరుకు 40 మిల్లీవోల్టులు తూర్పుకు, మరో నిమిషం 20 మిల్లీవోల్టులు పడమరకు ఉందనుకోండి. సగటు 10. విద్యుత్ ప్రవాహం వల్ల గాలి వేడెక్కేది క్షేత్రం వర్గాన్ని బట్టి. ఆ సగటుకు వర్గం 100. కానీ 40 వర్గం 1600, 20 వర్గం 400, వాటి సగటు 1000. పదింతల తేడా! ఇది నేను కావాలని ఎంచుకున్న విపరీతమైన ఉదాహరణే, అయినా లోపం ఎటువైపు మొగ్గుతుందో తెలుస్తుంది. నున్నటి పటం వేడిని ఎప్పుడూ తక్కువగానే చెబుతుంది. 2022 ఫిబ్రవరి 3న ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 తిరిగి వాతావరణంలో పడిపోయాయి. అప్పుడొచ్చినది చిన్నపాటి తుఫాను. 210 కిలోమీటర్ల ఎత్తున గాలి వేడెక్కి ఉబ్బి, ఉపగ్రహాలను వెనక్కి లాగింది. వేడి లెక్కలో తేడా వస్తే ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకంటే దృష్టాంతం అక్కర్లేదు.

రెండో దారి: మొదటి నుంచీ భౌతికశాస్త్రం

ఇక్కడ పాత కొలతల సగటు ఉండదు. సౌర పవనాన్ని విద్యుద్వాహక ద్రవంగా భావించి, భూమి చుట్టూ లక్షల గడుల వల పరిచి, ప్రతి గడిలో ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి, అయస్కాంత క్షేత్రం ఎలా మారుతాయో సమీకరణాలు సాధిస్తారు. మాగ్నెటోహైడ్రోడైనమిక్స్ అనే ఈ పద్ధతిలో పేరున్నవి మూడు: మిషిగన్ విశ్వవిద్యాలయం వారి బాట్స్-ఆర్-అస్, లయన్-ఫెడర్-మొబారీ, ఓపెన్‌జీజీసీఎం. లోపలి సరిహద్దు దగ్గర క్షేత్రరేఖల వెంట కిందికి పారే ప్రవాహాలను తీసుకుని ఐనోస్ఫియర్‌లో దింపుతారు. ఐనోస్ఫియర్ వాహకత తెలిస్తే, ఆ ప్రవాహం చెల్లడానికి పొటెన్షియల్ ఎంత ఉండాలో తేలుతుంది. ఓమ్ నియమమే, గోళం మీద పరిచిన ఓమ్ నియమం.

ఈ దారి గొప్పతనం తుఫానులో తెలుస్తుంది. ఇందాక సూత్రం 641 దగ్గర తెగిపోయిందే, ఇక్కడ సంతృప్త స్థితిని ఎవరూ చేత్తో పెట్టనవసరం లేదు, సమీకరణాల్లోంచి అదే వస్తుంది. హిల్, సిస్కో వివరించినట్టు, క్షేత్రరేఖల వెంట పారే ప్రవాహాలు బాగా పెరిగాక వాటి సొంత అయస్కాంత క్షేత్రమే భూమి ముందువైపు పరిస్థితిని మార్చేసి, వచ్చే వోల్టేజికి అడ్డం పడుతుంది. అంతకుముందెన్నడూ రాని తుఫాను వచ్చినా ఈ మోడల్‌కు చెప్పడానికి ఆధారం ఉంటుంది. సగటు మోడల్‌కు ఉండదు. నా దృష్టిలో మొదటి దారి మీద రెండో దారికి ఉన్న పెద్ద పైచేయి ఇదే.

కానీ దీనికీ ఒక బలహీనత ఉంది, దాని గురించి కొత్తవాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పరు. వాహకత ఎక్కడి నుంచి వస్తుంది? సూర్యకాంతి వల్ల వచ్చే భాగాన్ని బాగానే లెక్కించవచ్చు. ధ్రువకాంతుల్లో పడే ఎలక్ట్రాన్ల వల్ల వచ్చే భాగానికి మాత్రం మళ్లీ పాత కొలతల నుంచి తీసిన సంబంధాలనే వాడాలి. ప్రవాహం అదే ఉండి వాహకతను సగానికి తగ్గించి వేస్తే పొటెన్షియల్ రెట్టింపవుతుంది. లయన్-ఫెడర్-మొబారీ మోడల్ ధ్రువ పొటెన్షియల్‌ను కొలతల కంటే ఎక్కువగా చూపిస్తుందని చాలాకాలంగా తెలుసు. అంత పెద్ద సిమ్యులేషన్ చివరికి ఒక్క వాహకత పటం మీద నిలబడి ఉంటుంది. అందుకే ఎవరైనా ఈ తరహా ఫలితం చూపిస్తే నేను మొదట అడిగే ప్రశ్న, వాహకత ఎక్కడి నుంచి తెచ్చారని.

మన ప్రాంతానికి సంబంధించిన ఇబ్బంది ఇంకొకటి. లోపలి సరిహద్దు 2.5 భూవ్యాసార్ధాల దగ్గర ఉందనుకుందాం. ఆ దూరాన్ని దాటే క్షేత్రరేఖలు నేలను తాకేది సుమారు 51 డిగ్రీల అయస్కాంత అక్షాంశం దగ్గర. అంతకు దిగువన, అంటే భూమధ్యరేఖ వైపు, మోడల్‌కు సొంత ప్రవాహాలే ఉండవు. కొన్ని అమరికల్లో ఏదో ఒక అక్షాంశం దగ్గర పొటెన్షియల్‌ను సున్నాగా కట్టేస్తారు. అలాంటి మోడల్‌ను తిరునల్వేలి మీద విద్యుత్ క్షేత్రం ఎంత అని అడగడంలో అర్థం లేదు. సున్నా అని మనమే చెప్పి, సున్నానే వినిపించుకుంటున్నాం.

ఒంటరిగా నడిచే ఈ మోడళ్లలో కవచం కూడా సరిగ్గా ఏర్పడదు. సౌర పవనం నుంచి దిగే మొదటి రకం ప్రవాహాలకు ఎదురుగా, భూమికి దగ్గరలో తిరిగే వేడి అయాన్ల నుంచి రెండో రకం ప్రవాహాలు పుట్టి, ధ్రువ క్షేత్రం దిగువ అక్షాంశాలకు జారకుండా అడ్డుపడతాయి. ఆ అయాన్లు తమ శక్తిని బట్టి వేర్వేరు వేగాలతో పక్కకు జారుతుంటాయి. ఒకే ద్రవం, ఒకే ఉష్ణోగ్రత అనుకునే సమీకరణాలకు ఆ జారుడు తెలియదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన రైస్ కన్వెక్షన్ మోడల్ సరిగ్గా ఆ లోటును తీర్చడానికే ఉంది. మిషిగన్ వారి చట్రంలో మూడూ కలిసి నడుస్తాయి: బయట ద్రవ మోడల్, లోపల రైస్ మోడల్, అడుగున ఐనోస్ఫియర్ సాధన. అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం నేల మీది అయస్కాంత మార్పుల్ని ముందే చెప్పడానికి మోడల్ ఎంచుకోవలసి వచ్చినప్పుడు మూడు ద్రవ మోడళ్లను, రెండు గణాంక మోడళ్లను ఒకే తుఫానుల మీద పరీక్షించారు. ఎంపికైంది మిషిగన్ చట్రమే, 2016 నుంచి అక్కడ నిత్యం నడుస్తోంది. ఆ పోటీలో వైమర్ తరహా గణాంక మోడల్ కూడా బరిలో ఉందన్నది నాకు నచ్చిన విషయం. చవకైన దాన్ని పక్కన నిలబెట్టకుండా ఖరీదైన దాని విలువ తేల్చకూడదు.

మూడో దారి గురించి తక్కువ మాటల్లో

ధ్రువ ప్రాంతాల చుట్టూ ఉన్న సూపర్‌డార్న్ రాడార్లు ప్లాస్మా వేగాన్ని నేరుగా కొలుస్తాయి. 66 ఇరీడియం ఉపగ్రహాల మాగ్నెటోమీటర్ల నుంచి క్షేత్రరేఖల వెంట పారే ప్రవాహాల పటం వస్తుంది. 1988లో రిచ్‌మండ్, కమిడే ప్రతిపాదించిన పద్ధతి రాడార్లు, ఉపగ్రహాలు, నేల మీది మాగ్నెటోమీటర్లు అన్నింటినీ కలిపి ఒకే పటంగా కూరుస్తుంది. జరిగిపోయిన తుఫానును విప్పి చూడటానికి ఇంతకు మించినది లేదు, ఎందుకంటే ఆ రోజు నిజంగా జరిగిన గరుకుతనం కొంతైనా ఇందులో మిగులుతుంది. గాలి వేడి లెక్క కావాలంటే నా ఓటు దీనికే. అయితే కొలతలు లేనిచోట ఖాళీని మళ్లీ సగటు మోడలే పూరిస్తుంది, రాడార్‌కు ప్రతిధ్వని రాని గంటల్లో పటం దానివైపే ఒరిగిపోతుంది. రేపటి సంగతి చెప్పడం దీని పని కాదు.

నాలుగో దారి: మన నెత్తి మీదికి

నాకు ఎక్కువ మక్కువ ఉన్నది ఇక్కడే. ధ్రువ క్షేత్రం ఉన్నట్టుండి పెరిగితే కవచం సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ సందులో క్షేత్రం భూమధ్యరేఖ దాకా చొచ్చుకొస్తుంది. సౌర పవనం క్షేత్రం దక్షిణం నుంచి ఉత్తరానికి తిరిగితే కవచమే మిగిలిపోయి, భూమధ్యరేఖ దగ్గర క్షేత్రం తలకిందులవుతుంది. మొదట్లో చెప్పిన గీత సున్నా కిందికి జారేది అప్పుడే.

ఎంత చొచ్చుకొస్తుంది? సౌర పవనంలోని విద్యుత్ క్షేత్రంలో పదిహేనో వంతు అని 2003లో కెల్లీ బృందం ఒక అంచనా ఇచ్చింది. వేగం 750, దక్షిణ క్షేత్రం 40 అయితే సౌర పవనంలో మీటరుకు 30 మిల్లీవోల్టులు. పదిహేనో వంతు 2. మన దగ్గర ప్రశాంతమైన పగటి విలువ సుమారు అర మిల్లీవోల్టు. భారత దేశం మీద ఐనోస్ఫియర్ ఎత్తున భూ అయస్కాంత క్షేత్రం సుమారు 35,000 నానోటెస్లాలు. దానితో భాగిస్తే మామూలు రోజున ప్లాస్మా సెకనుకు 14 మీటర్లు పైకి లేస్తుంది, ఆ తుఫాను వేళ 57 మీటర్లు. గంటకు 200 కిలోమీటర్లు! పెరూలో అదే విద్యుత్ క్షేత్రానికి ప్లాస్మా ఇంకా వేగంగా లేస్తుంది, ఎందుకంటే అక్కడ భూ అయస్కాంత క్షేత్రం మన దగ్గరికన్నా బలహీనం. అక్కడి హికమార్కా రాడార్ అంకెల్ని తెచ్చి తిరునల్వేలికి అతికించేటప్పుడు ఈ తేడాను చాలామంది మరిచిపోతారు.

పదిహేనో వంతు అన్న ఒక్క అంకె చాలదు. నెమ్మదిగా వచ్చే మార్పును కవచం ఆపేస్తుంది, చురుగ్గా వచ్చేది దాటిపోతుంది. కాబట్టి 2008లో మనోజ్, మౌస్, ల్యూర్, ఆల్కెన్ ఈ చొరబాటును వడపోత యంత్రంలా చూశారు. సౌర పవనంలో ఏ లయలో మార్పు వస్తే భూమధ్యరేఖ దగ్గర ఎంత కనిపిస్తుందో, హికమార్కా రాడార్, చాంప్ ఉపగ్రహం కొలతల నుంచి గుర్తించారు. సుమారు రెండు గంటల లయలో సంబంధం అన్నిటికన్నా బలంగా ఉంది. ఒకసారి వడపోత తెలిసిందంటే లెక్క తేలిక. ఎల్1 దగ్గరి కొలతల వరుసను అందులోంచి పంపితే చాలు, సూపర్‌కంప్యూటర్ అవసరం లేదు. ఆ కొలతలకు ఇప్పుడు మన సొంత వనరు కూడా ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలో చేరిన ఆదిత్య-ఎల్1లో సౌర పవనం అయాన్లను కొలిచే ఆస్పెక్స్, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం రెండూ ఉన్నాయి.

లోపాలు దీనికీ ఉన్నాయి. వడపోత అందరికీ ఒకే నిష్పత్తి ఇస్తుంది, ఊరి గడియారాన్ని అది పట్టించుకోదు. 2024 మే 10న తుఫాను భూమిని తాకినప్పుడు హికమార్కాలో మధ్యాహ్నం, మన దగ్గర రాత్రి పదిన్నర దాటింది. దక్షిణ క్షేత్రం పగటివైపు ప్లాస్మాను పైకెత్తుతుంది, అర్ధరాత్రి వైపు కిందికి నొక్కుతుంది. అదే 2015 మార్చి 17 నాటిది మనకు ఉదయం పదింపావు ప్రాంతంలో మొదలై, సాయంత్రం దాటాక కూడా సాగింది. పొద్దు వాలే వేళ ఐనోస్ఫియర్ తనంతట తానే ఒకసారి పైకి లేస్తుంది. దానికి తుఫాను క్షేత్రం తోడైతే ప్లాస్మాలో బుడగలు పుట్టడానికి అనువు. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్‌కు దొరికే రాత్రి ప్రతిధ్వనులు, విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థకు ఎదురయ్యే చిక్కులు ఈ బుడగలతోనే ముడిపడి ఉన్నాయి. పైగా ధ్రువాల దగ్గర వేడెక్కిన గాలి కొన్ని గంటల తర్వాత దిగువకు వీచి, తన సొంత విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. 1980లో బ్లాంక్, రిచ్‌మండ్ వివరించిన ఈ ప్రక్రియను వడపోత లెక్కించలేదు.

మరి ఏది మేలు?

చదువుకునేవారికి, రోజువారీ అంచనాకు బాయిల్ సూత్రం, వైమర్ పటం. మామూలు రోజుల్లో వాటిని దాటి పోనక్కర లేదు. జరిగిన తుఫానులో ధ్రువాల దగ్గర ఎంత వేడి పుట్టిందో కావాలంటే కొలతలన్నీ కూర్చిన పటం. ముందెప్పుడూ చూడని తీవ్రత ఉన్న తుఫానుకు రైస్ మోడల్‌తో జతకట్టిన ద్రవ మోడల్ తప్ప నేను దేన్నీ నమ్మను, ఆ జత లేని ఒంటరి ద్రవ మోడల్‌ను దిగువ అక్షాంశాలకు అసలు వాడను. సూపర్‌కంప్యూటర్ లేని కళాశాల విద్యార్థులు కూడా నాసా గొడ్డార్డ్ కేంద్రంలోని సీసీఎంసీ అనే మోడలింగ్ విభాగాన్ని కోరితే తమ తుఫానును ఈ మోడళ్లలో ఉచితంగా నడిపి ఇస్తుంది. మన భూభాగం మీద తొలి గంటల సంగతికి మాత్రం వడపోత, దాని పక్కనే తిరునల్వేలి–అలీబాగ్ తేడా.

1904లో అలీబాగ్‌లో వేధశాల పెట్టడానికి కారణం బొంబాయి విద్యుత్ ట్రాములు. వాటి ప్రవాహాలు కొలాబాలోని పాత పరికరాలను చెడగొడతాయని భయపడి దూరంగా తరలించారు. ఆ జాగ్రత్త వల్ల నూరేళ్లకు పైబడిన శుభ్రమైన గీతలు మన చేతిలో ఉన్నాయి.

మొదలుపెట్టదలచినవారు 2015 మార్చి 17ను తీసుకోండి. వడపోత చెప్పిన విద్యుత్ క్షేత్రాన్ని, రెండు ఊళ్ల తేడాను ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి గీయండి. ఉదయం పదింపావు తర్వాత రెండు గీతలూ కలిసి లేస్తాయా, కలిసి పడతాయా చూడండి. అవి విడిపోయిన చోట గడియారం చూడండి. మొదటి గంట రెండు గంటల్లోనే విడిపోతే కవచం లెక్కను అనుమానించండి. మరునాడు పగలు విడిపోతే, అలాస్కా వైపో సైబీరియా వైపో వేడెక్కిన గాలి ప్రభావం అప్పటికి మన దాకా వచ్చి ఉంటుంది.